ఇన్నోవా దిగి వ్యాగనార్ ఎక్కితే...

ఇంట్లో ఉండేది ఇద్దరు. పోర్టికోలో ఉన్నది ఏడు సీట్ల బండి. పిల్లల్లో ఒకరు డాలస్‌లో, ఇంకొకరు బెంగళూరులో. విజయవాడలోనో, వరంగల్‌లోనో, కూకట్‌పల్లిలోనో ఇలాంటి ఇల్లు వీధికొకటైనా కనిపిస్తుంది. ఆ బండి వారానికోసారి రైతుబజారుకు, నెలకోసారి డాక్టరు దగ్గరకు, ఏడాదికోసారి తిరుపతికి వెళ్లొస్తుంది. మిగతా రోజుల్లో కవరు కప్పుకుని నిలబడుతుంది. బ్యాటరీ దిగిపోకుండా ఆదివారం పూట స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచడం అయ్యగారికి ఒక పనిగా మారుతుంది.

అమ్మేసి చిన్నది కొనుక్కుంటే పోదా అన్న ఆలోచన రాకపోదు. వచ్చినా ముందుకు సాగదు. కారణం డబ్బు కాదు. పెద్ద కారు అమ్మి చిన్న కారు, అదీ సెకండ్ హ్యాండ్‌లో, కొంటున్నామని తెలిస్తే చుట్టాల్లో ఎవరూ మైలేజీ గురించి అడగరు. ‘ఏం బావగారూ, అంతా కులాసాయేనా?’ అని గొంతు తగ్గించి అడుగుతారు. మన దగ్గర కారు పెరగడమే తప్ప తరగడం అలవాటు లేదు. ఆల్టోతో మొదలై స్విఫ్ట్, ఆ తర్వాత డిజైర్, ఆ పైన ఇన్నోవానో ఎక్స్‌యూవీనో. పైమెట్టు ఎక్కినవాడు కిందికి దిగాడంటే ఏదో జరిగే ఉంటుందని లోకం తీర్మానిస్తుంది.

లోకం సంగతి అలా ఉంచి, కాగితం తీసుకుని లెక్క వేద్దాం.

మిగులు పెట్రోలులో లేదు

చిన్న కారు కొంటే ఇంధనం ఖర్చు సగానికి పడిపోతుందని చాలామంది నమ్మకం. పడదు. నెలకు 800 కిలోమీటర్లు తిరిగే ఇల్లు అనుకోండి. ఏడాదికి 9,600 కిలోమీటర్లు. డీజిల్ ఇన్నోవా క్రిస్టా ఊళ్లో లీటరుకు 11 ఇస్తే 873 లీటర్లు కావాలి. లీటరు 98 రూపాయలు వేసుకుంటే ఖర్చు సుమారు రూ.85,500. అదే దూరానికి లీటరుకు 16 ఇచ్చే వ్యాగనార్ 600 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు 110 చొప్పున రూ.66,000. తేడా ఏడాదికి ఇరవై వేల లోపే. అంటే నెలకు పదహారు వందలు. కరపత్రంలో అచ్చేసే 24, 25 కిలోమీటర్ల అంకె పరీక్షశాలలో రోలర్ల మీద తేలినది. బెంజ్ సర్కిల్ దగ్గరో, అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో అది ఎవరికీ రాదు.

బీమాలో ఇంకొంచెం మిగులుతుంది. 2022 జూన్‌లో ఖరారైన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1500 సీసీ దాటిన కారుకు రూ.7,897. వెయ్యి దాటి 1500 సీసీ వరకు రూ.3,416. వెయ్యి సీసీ లోపు రూ.2,094. జీఎస్టీ అదనం. వ్యాగనార్ చిన్న ఇంజన్ 998 సీసీ కాబట్టి అది అట్టడుగు శ్లాబులోకి వస్తుంది. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సర్వీసుకు పట్టే ఆయిల్ అన్నీ బండి సైజును బట్టే ఉంటాయి.

అసలు సొమ్ము మాత్రం వేరే చోట ఉంది. కదలకుండా పోర్టికోలో నిలబడ్డ పెట్టుబడిలో ఉంది. క్రిస్టా 14 లక్షలకు పోయి, మంచి చిన్న కారు నాలుగున్నర లక్షలకు దొరికిందనుకుందాం. చేతిలో తొమ్మిదిన్నర లక్షలు మిగులుతాయి. సీనియర్ సిటిజన్ డిపాజిట్ మీద ఏడు శాతం వడ్డీ వస్తే, పన్ను సంగతి పక్కన పెడితే, ఏడాదికి రూ.66,500. చిన్న కారు పెట్రోలు ఖర్చు ఎంతని చూశాం? రూ.66,000. అంటే పాత బండి అమ్మిన సొమ్ము వడ్డీయే కొత్త బండికి ఏడాది పొడుగునా పెట్రోలు పోయిస్తుంది. తిరుపతి వెళ్లాల్సి వస్తేనో, డాలస్ నుంచి మనవలు దిగితేనో డ్రైవరుతో సహా పెద్ద బండి అద్దెకు తెచ్చుకున్నా లెక్క మిగులులోనే ఉంటుంది.

ఈ లెక్క అందరికీ పొసగదు. వారం వారం ఆరుగురు కదిలే ఉమ్మడి కుటుంబం, పాడేరు, అరకు ఘాట్ల మీద సామాను వేసుకుని తిరిగే వ్యాపారం ఉన్నవారు పెద్ద బండిలోనే ఉండటం మంచిది. మిగతావారికి ఒక్కటే షరతు. కొన్న చిన్న బండి ఆరోగ్యంగా ఉండాలి. ఇంజన్ చెడిన బండో, యాక్సిడెంట్‌లో నలిగి రంగేసుకున్న బండో తగిలితే రెండేళ్ల మిగులు ఒక్క షెడ్డు బిల్లులో కొట్టుకుపోతుంది. అందుకే ఏ మోడల్ మంచిది అన్న ప్రశ్న కన్నా, ఎదురుగా నిలబెట్టిన ఈ ఒక్క బండి ఎలా బతికింది అన్న ప్రశ్న ముఖ్యం.

వీధి చివర మేస్త్రీకి తెలిసిన బండి

అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ముందు వయసు. బీమా కంపెనీల పట్టిక ప్రకారం కారు విలువలో నాలుగు నుంచి ఐదేళ్ల మధ్యకు వచ్చేసరికి సగం తరుగు పోతుంది. ఆ తరుగు మొదటి యజమాని భరించేశాడు కాబట్టి మూడు నుంచి ఆరేళ్ల బండి మనకు లాభసాటి. 2020 ఏప్రిల్ 1 తర్వాత రిజిస్టరైతే బీఎస్6 బండి. రేపు కాలుష్యం పేరుతో ఏ ఆంక్షలు వచ్చినా ముందుగా తగిలేది అంతకు ముందు తరాలకే. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే రబ్బరు పైపులు, సీళ్లతో వస్తున్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఆ పెట్రోలే కాబట్టి, అంతకన్నా పాత బండి కొంటే ఇంధనం పైపులు మేస్త్రీకి చూపించాలి. మైలేజీ కాస్త తగ్గడానికీ సిద్ధపడాలి.

తర్వాత మోడల్. పెద్ద వయసువారికి వ్యాగనార్ పేరు పదేపదే వినిపించడానికి కారణం ఇంజన్ ఒక్కటే కాదు. సీటు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందికి కూలబడకుండా, పైకి ఎగబాకకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. 2019 జనవరిలో వచ్చిన మూడో తరం బండి డిక్కీ 341 లీటర్లు. ఇద్దరి ఊరి ప్రయాణానికి చాలు. పొడవు 3,655 మిల్లీమీటర్లు. క్రిస్టా కన్నా మీటరుకు పైగా తక్కువ. గవర్నర్‌పేట సందుల్లో ఆ మీటరు విలువ తెలుస్తుంది.

సీటు కొంచెం కిందికున్నా పరవాలేదు, బండి రోడ్డు మీద గట్టిగా నిలవాలనుకునేవారికి 2018 తర్వాతి స్విఫ్ట్, బాలెనో ఉన్నాయి. టయోటా గ్లాంజా అన్నది బాలెనోయే. 2019 నుంచి గుర్తు మార్చుకుని వస్తోంది. కాబట్టి రెండింట్లో ఏది తక్కువకు, మంచి స్థితిలో దొరికితే అది తీసుకోవచ్చు. హ్యూందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ స్టీరింగ్ తేలిక, ఏసీ చల్లదనం బాగుంటుంది. టాటా టియాగో భద్రతలో మెరుగు. హోండా జాజ్ వెనక సీటు విశాలం. దాని అమ్మకం 2023లో ఆగింది కాబట్టి బేరానికి లొంగుతుంది, హోండా సర్వీసు మాత్రం ఉంది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. షెవర్లే 2017 ఆఖరుకే అమ్మకాలు మానుకుంది. ఈ బండ్లు నడపడానికి బాగున్నా, చౌకగా దొరుకుతున్నా, మీ ఊళ్లో విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాకే అడుగు వేయాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మీ వీధి చివర మేస్త్రీ ఏ బండిని కళ్లు మూసుకుని విప్పి బిగించగలడో అదే మీకు నమ్మకమైన బండి.

చిన్న కారులో డీజిల్ జోలికి పోకపోవడం మేలు. బీఎస్6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద వేడెక్కితేనే అందులోని మసి కాలిపోతుంది. రైతుబజారు దాకా వెళ్లొచ్చే బండిలో అది పూడుకుపోతుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది.

గేర్లు మార్చే బాధ లేదని ఏఎంటీ వైపు మొగ్గేవారు ఎక్కువ. లోపల ఉన్నది మామూలు క్లచ్చూ గేరుబాక్సే. కాళ్లూ చేతులూ చేసే పని మోటారు చేస్తుంది. కాబట్టి క్లచ్చు అరిగే గుణం అలాగే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి, మళ్లీ కదిలించి చూడండి. బండి వణికినా, వెనక్కి జారి ఆలోచించుకుని కదిలినా ఖర్చు ముందుందని అర్థం. సీఎన్‌జీ బండైతే కిట్టు కంపెనీ బిగించినదేనా, ఆర్‌సీలో రాశారా, సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయాల్సిన పరీక్ష అయిందా అన్నవి చూడాలి.

బానెట్ ఎత్తకముందే చెయ్యి పెట్టాలి

‘ఫస్ట్ ఓనర్ సార్, డాక్టరు గారి బండి.’ పాత కార్ల మార్కెట్‌లో డాక్టర్లందరూ కార్లు అమ్ముకుని నడిచి వెళ్తున్నారేమో అనిపించేంతగా వినబడే మాట ఇది. ‘మేడం నడిపిన బండి’, ‘షోరూం కండిషన్’ దాని తోబుట్టువులు. ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రీ ఈ మాటలకు తల ఊపుతాడే తప్ప చెవి ఒగ్గడు. అతని చూపు ఎటు పోతుందో గమనిస్తే సగం విద్య వచ్చేస్తుంది.

మొదట అరచెయ్యి బానెట్ మీద పెడతాడు. వెచ్చగా ఉంటే మనం వచ్చేలోగానే బండిని స్టార్ట్ చేసి ఉంచారన్న మాట. చల్లటి ఇంజన్ మొదటిసారి అందుకున్నప్పుడు పలికే చప్పుడులోనే దాని జబ్బులు బయటపడతాయి. వాటిని మనకు వినిపించకూడదనుకున్నవాళ్లే ముందుగా వేడిచేస్తారు. ‘రేపు పొద్దున్నే వస్తాం, తాళం తిప్పకండి’ అని చెప్పి వెనక్కి వచ్చేయడం ఉత్తమం. మర్నాడు స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ముందు వైపు నుంచి గరగరమంటే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు. మారుతి కె సిరీస్, హ్యూందాయ్ కప్పా పెట్రోలు ఇంజన్లలో ఉండేది చైనే. బెల్టులా గడువుకోసారి మార్చక్కర్లేదు. ఆయిల్ వేళకు మార్చని బండిలో మాత్రం అది ముందే అరుగుతుంది.

తర్వాత ఆయిల్ పోసే మూత తీస్తాడు. ఇంజన్ తిరుగుతుండగా అక్కడి నుంచి పొగ బుసకొడుతుంటే ‘బ్యాక్ కంప్రెషన్ ఉంది సార్’ అంటాడు. పిస్టన్ రింగులు అరిగి, మండిన గాలి కిందికి కారుతోందని దాని భావం. మూత అడుగున తెల్లటి జిడ్డు పేరుకుంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే పెట్రోలు సరిగ్గా మండటం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతున్నట్టే.

ఇక బాడీ. బానెట్‌ను, ముందు ఫెండర్లను పట్టి ఉంచే బోల్టుల తలల మీద రంగు చెక్కుచెదరకుండా ఉందా, పానా పెట్టిన గీతలున్నాయా? తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ వేలితో లాగితే కింద రేకు అంచు కనిపిస్తుంది. కంపెనీలో యంత్రం వేసిన వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. టింకరింగ్ షెడ్డులో వేసిన వెల్డింగ్‌కు ఆ వరస రాదు. బంపరు మారినా, తలుపు మీద గీత పడినా భయం లేదు. ఊళ్లో తిరిగే బండికి అవి మామూలే. పిల్లరుకు, ముందు ఆప్రాన్‌కు, డిక్కీ కింది నేలకు దెబ్బ తగిలిన బండిని మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయాలి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్తే, లప్పం మందంగా పట్టించిన చోట అది అంటుకోకుండా జారిపోతుంది.

మీటరు తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో కొద్ది నిమిషాల పని. అందుకే అంకెను నమ్మకుండా చుట్టూ ఉన్న వస్తువులను అడగాలి. మీటరు 35 వేలు చూపిస్తూ, క్లచ్చు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ అద్దంలా మెరుస్తోందంటే రెండింట్లో ఒకటి అబద్ధం. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగేళ్ల బండి 25 వేలే తిరిగిందంటూ నిరుటి టైర్లు వేసుకుని ఉంటే ఎందుకో అడగాలి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు సెంటరు రికార్డు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు అయిందో, ఏ భాగాలు మారాయో అందులో ఉంటుంది. యజమాని చేతే అడిగించి ప్రింటు తీసుకోండి. ‘బయటే చేయించాం సార్, తెలిసిన మెకానిక్’ అంటే తప్పు లేదు. బిల్లులు మాత్రం చూపించాలి.

చివరగా నడిపి చూడటం. నున్నటి రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది. గుంతలున్న వీధిలోకి తిప్పండి. పాటలు, ఏసీ కట్టేసి స్పీడు బ్రేకరు దాటుతూ వినండి. టకటకలాడితే లింకు రాడ్డో, లోవర్ ఆర్మో మార్చాలి. ఖర్చు చిన్నదే, ధరలో తగ్గించమని అడగొచ్చు. మూడో గేరులో నలభై దగ్గర ఒక్కసారి గట్టిగా తొక్కితే ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు ప్లేట్లు అయిపోయాయి. ఇంకో సంగతి. క్రిస్టా 2,393 సీసీ డీజిల్ లాగుడుకు అలవాటుపడిన కాలు చిన్న కారులో మొదట నిరాశపడుతుంది. గేరు తగ్గించి దాటే అలవాటు తిరిగి తెచ్చుకోవాలి. లారీని దాటేటప్పుడు ముందు ఖాళీ రెట్టింపు చూసుకోవాలి.

మునిగిన బండ్లు, ఊరు మారిన బండ్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015లోనూ 2023లోనూ డిసెంబరు నెలల్లో చెన్నై మునిగాయి. అక్కడ మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోలేదు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ ‘టోటల్ లాస్’ కింద సొమ్ము కట్టేస్తుంది. బండి వేలంలోకి వెళ్తుంది. అలా కొన్న బండిని కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త కవర్లు తొడిగి ఇంకో జిల్లాలో నిలబెట్టేవాళ్లున్నారు.

పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. సీటు బెల్టును ఆఖరి దాకా బయటికి లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మేర మట్టి చార ఉంటుంది. అంతదాకా ఎవరూ కడగరు. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ ఎత్తితే ఒండ్రు, స్టెప్నీ గుంతలో సన్నటి ఇసుక, ఫ్యూజు బాక్సు కాళ్ల మీద పచ్చటి చిలుం... వీటిలో రెండు కనిపించినా అక్కడితో మాట ఆపేయొచ్చు. బీమా కంపెనీ దగ్గర ఆ బండి మీద గతంలో ఏ క్లెయిమ్‌లు అయ్యాయో యజమాని చేత అడిగించడం ఇంకా మంచిది. విశాఖ, కాకినాడ బండ్లయితే కిందకు దూరి చూడాలి. ఉప్పుగాలి ముందుగా తినేసేది సైలెన్సరును, అడుగు రేకులను.

తర్వాతి రకం టాక్సీగా తిరిగి పసుపు ప్లేటు మార్చుకున్న బండి. ఐదేళ్లలో రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి ఉండొచ్చు. రవాణా శాఖ రికార్డులో పాత వాహన తరగతి కనిపిస్తుంది కాబట్టి ఆర్‌సీ కాపీతో సరిపెట్టుకోకుండా ఆన్‌లైన్‌లో చూడాలి. ఇక ఢిల్లీ బండ్లు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన ఆంక్షల వల్ల చాలా బండ్లు తక్కువ ధరకు దక్షిణాదికి దిగాయి. ధర చూసి మురిసేముందు అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఆర్టీఏ చుట్టూ తిరుగుడు అన్నీ కూడుకోవాలి. చాలాసార్లు పక్క వీధి బండే చౌక అని తేలుతుంది.

చిన్న బండిలో ప్రాణం విలువ

పెద్ద బండి దిగేవాళ్లలో చాలామంది పైకి చెప్పని భయం ఒకటుంది. ‘ఇందులో ఏదైనా జరిగితే?’ భయం న్యాయమైనదే. గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షల్లో పెద్దల భద్రతకు టియాగోకు 2020లో నాలుగు స్టార్లు, జాజ్‌కు 2022లో నాలుగు వచ్చాయి. గ్రాండ్ ఐ10 నియోస్‌కు 2020లో రెండు, స్విఫ్ట్‌కు 2018లో రెండు. వ్యాగనార్‌కు 2019లో రెండు, నిబంధనలు కఠినం చేశాక 2023లో ఒకటి. ఊళ్లో నలభై వేగంతో తిరిగేవారికి వ్యాగనార్ సుఖం ఎక్కువ. నెలకు రెండుసార్లు హైదరాబాద్ – విజయవాడ హైవే ఎక్కేవారు సీటు ఎత్తు కన్నా స్టార్లనే చూడాలి. ఈ రెంటిలో మీది ఏ బతుకో తేల్చుకుంటే మోడల్ దానంతట అదే తేలుతుంది.

తేదీలు కూడా గుర్తుంచుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ప్రతి కొత్త కారులో తప్పనిసరి అయ్యాయి. ముందు కూర్చున్న రెండో మనిషికి ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లలో తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచే. అంతకు ముందరి బండిలో చవక వేరియంటు కొంటే పక్క సీట్లో కూర్చునే ఇల్లాలికి ఆ రక్షణ ఉండకపోవచ్చు. ఇంకో పాతిక వేలు పెట్టి రెండు ఎయిర్‌బ్యాగులున్న వేరియంటు తీసుకోవడం ఎప్పటికీ దండగ కాదు.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్లకు, సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. కొత్త చిన్న కారు ధర తగ్గితే పాతదాని ధరా తగ్గాలి. అమ్మేవాళ్లు మాత్రం తాము కొన్ననాటి బిల్లు చూపించి మొదలుపెడతారు. ‘మాకు ఏడు లక్షలు పడింది సార్’ అంటారు. మీరు చూడాల్సింది అదే మోడల్ ఇవాళ షోరూంలో రోడ్డెక్కే ధర. అక్కడి నుంచి తరుగు లెక్కేసుకుంటూ కిందికి రావాలి. పాత బండికీ, కొత్త బండికీ తేడా లక్షన్నర కూడా లేకపోతే కొత్తదే కొనుక్కోవడం తెలివి. బండి ధర కాక మరో నలభై వేలు పక్కన పెట్టుకోవాలి. ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, బ్రేకులు, అవసరమైతే రెండు టైర్లు మొదటి నెలలోనే మార్చేసి నిశ్చింతగా ఉండొచ్చు.

మీ పెద్ద బండి విషయంలో ఇన్నోవా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత ఆ బండి విషయంలో అక్షరాలా నిజం. కానీ ధర కన్నా ముఖ్యమైనది పేరు మార్పిడి. 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి బ్రోకరుకు ఇచ్చేయడం మన దగ్గర మామూలు. ఆ బండి నాలుగు చేతులు మారి ఎక్కడో ఎవరినో గుద్దితే, రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే యజమాని అని, పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులోనూ బండి ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ వెళ్లింది. చివరికి బాధ్యత పడింది మొదట అమ్మిన మనిషి మీదే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత కార్ల డీలరు ఆర్టీఏ అధికారపత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ రసీదు అడిగి తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.

పెద్ద బండితో పోకుండా మీతో వచ్చేది ఒకటుంది. నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, మనిషిది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారుకు, అది సెకండ్ హ్యాండ్ అయినా, వాడుకోవచ్చు. అడగనివారికి ఎవరూ గుర్తుచేయరు.

చేతులు మారే ముందు కాగితాలు

• ఆర్‌సీ: ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఇంకా ఎన్నేళ్లుందో లెక్కేసుకోవాలి.

• ఫైనాన్స్: ‘లోను తీరిపోయింది’ అంటే చాలదు. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్ కొట్టేయించాకే పూర్తి సొమ్ము ఇవ్వాలి.

• చలానాలు: బండి నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో చూసి, పాతవన్నీ అమ్మేవారి చేతే కట్టించాలి.

• పేరు మార్పిడి: రాష్ట్రంలోని బండైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. వేరే రాష్ట్రం బండికి ఎన్‌వోసీ ఫారం 28.

• బీమా: ఆర్‌సీ మారినా పాలసీ పాత పేరుతోనే ఉంటే సొంత డ్యామేజీ క్లెయిమ్ రాదు. 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి.

• ఫాస్టాగ్: అమ్మిన బండి ఫాస్టాగ్ మూయించాలి. లేకపోతే కొన్నాయన టోల్ మీ ఖాతాలో కోస్తారు.

• తాళాలు: రెండూ ఇవ్వాలి. రెండోది పోయిందంటే కొత్తది చేయించే ఖర్చు ధరలో తగ్గించమనాలి.

• అడ్వాన్సు: మేస్త్రీ చూడకముందు రూపాయి కూడా ఇవ్వొద్దు. ‘ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది సార్’ అంటే రానివ్వండి. వ్యాగనార్లు, స్విఫ్ట్‌లు వచ్చే వారం కూడా దొరుకుతాయి.